అట్లే కానీమ్మా

సంగీతను ప్రెసిడెంటును చెయ్యాలని మొదట ఎవరికీ తోచలేదు. ఆమెకు కలలో కూడా ఆ ఊహ లేదు.

మస్కట్ తెలుగు బంధు సమితికి ఆ యేడు పీటముడి పడింది. సమితిని నడిపించే చేతులు రెండు. ఒకటి ఖాదర్‌వలిది. ఆయనది కడప. రూవీలో ట్రావెల్స్ ఆఫీసు, దాని వెనక గదిలో ఇళ్లల్లో పనికి ఆడవాళ్లను తెప్పించే ఏజెన్సీ. రెండోది ఇస్రాయేలుది. ఆయన కోనసీమ నుంచి తాపీమేస్త్రీగా వచ్చి, ఇప్పుడు గలాలో సొంత యార్డు పెట్టుకుని సైట్లకు మనుషుల్నీ సామాన్లనూ పంపే కంట్రాక్టరు. ఉగాదికి హాలు అద్దె కట్టేదీ, పాటగాళ్లను విమానంలో దింపేదీ, వంటవాళ్లను పెట్టేదీ వీళ్లిద్దరే. కానీ ఇద్దరికీ పడదు. ఒకరు కూర్చున్న సోఫాలో ఇంకొకరు కూర్చోరు. ఒకరు చెప్పిన పేరుకు రెండోవారు తల అడ్డంగా ఊపుతారు. మీటింగు మీద మీటింగు జరిగి, అందరి పేర్లూ కొట్టుకుపోయి, చివరికి ఎవరికీ అడ్డం రానిదిగా సంగీత పేరు ఒక్కటే మిగిలింది.

సంగీతది కోరుట్ల. అల్ ఖువైర్‌లో ఒక పాలిక్లినిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్. భర్త అంజి ఇస్రాయేలు యార్డులోనే స్టోర్‌కీపరు. కనుక మన మనిషేలే అనుకున్నాడు ఇస్రాయేలు. ఆడమనిషి, నెమ్మదస్తురాలు, చెప్పినచోట సంతకం పెడుతుందిలే అనుకున్నాడు ఖాదర్‌వలి. ఆమె నెమ్మదస్తురాలన్న మాట నిజమే. అయితే ఇన్నేళ్లుగా సమితి భోజనాల్లో విస్తళ్లు వేస్తూ ఆమె మనసులో కొన్ని మాటలు దాచుకుందన్న సంగతి వాళ్లకు తెలియదు.

మొదటి మీటింగులోనే ఆ మాటలు బయటపెట్టింది. సమితిలో చేరాలంటే ఫ్యామిలీ వీసా ఉండాలన్న నియమం తీసెయ్యాలి. ఉగాది హోటల్లో కాదు, శుక్రవారం పగటిపూట, క్యాంపుల్లో ఉండే కూలివాళ్లు కూడా రాగలిగిన చోట చెయ్యాలి. ఇళ్లల్లో పనిచేస్తూ ఇరుక్కుపోయిన ఆడవాళ్లకు నాలుగు రోజులు తలదాచుకునే చోటు ఒకటి కావాలి.

అందరూ ఇద్దరు పెద్దమనుషుల మొహాలకేసి చూశారు.

ఖాదర్‌వలి గడ్డం నిమురుకుని నవ్వాడు. "అట్లే కానీమ్మా. మంచిమాట చెప్తివి."

ఇస్రాయేలు ఆయనకంటే వెనకబడితే ఎలా? "ఆయ్, తప్పకుండానండి సిస్టర్ గారూ. బస్సులు నేను పెడతాను" అన్నాడు.

సంగీత ఆ సాయంత్రం ఇంటికి తేలిపోతూ వచ్చింది. "వాళ్లు మంచోళ్లేనయ్యా. ఇన్నేండ్లు అడిగినోళ్లే లేరు" అంది.

అంజి చెప్పులు విడుస్తూ అన్నాడు: "అడగంగనే ఇచ్చినోళ్లతోని జర పైలం."

ఉగాది వచ్చింది. సీబు దగ్గర ఒక తోటలో షామియానా వేశారు. ఇస్రాయేలు మాట నిలబెట్టుకున్నాడు. బస్సులు వరసగా వచ్చి ఆగాయి. దిగినవాళ్లందరి ఒంటిమీదా పసుపుపచ్చ టీషర్టులు, వీపు మీద ఇస్రాయేలు కంపెనీ పేరు. వాళ్లను వెనక వరసల్లో తాడు కట్టి కూర్చోబెట్టారు. పచ్చడి పెట్టారు, ఫొటో తీశారు. పాటలు మొదలయ్యే వేళకు మర్నాడు పొద్దున్నే డ్యూటీ ఉందంటూ సూపర్‌వైజర్లు వాళ్లను మళ్లీ బస్సులెక్కించారు. సంగీత పరుగున వెళ్లి అడిగితే ఇస్రాయేలు నొచ్చుకున్నాడు. "కొత్త చొక్కాలు ఊరికే ఇచ్చామండి. కడుపునిండా పెట్టాం. ఇందులో తప్పేటండీ?"

తప్పేమిటో ఆమెకు తెలుసు. కానీ చొక్కా ఇచ్చినవాణ్ని చొక్కా ఎందుకిచ్చావని ఎలా అడగడం?

ఆడవాళ్లకు చోటు విషయంలో మాత్రం ఖాదర్‌వలి ఆమెను ఆశ్చర్యపరిచాడు. ఆమె ఒక గది అద్దెకు చాలనుకుంది. ఆయన అల్ హైల్‌లో తన బిల్డింగులోనే, టైర్ల షాపు పైన, ఏకంగా ఫ్లాటు ఇచ్చాడు. పరుపులు, ఫ్రిజ్, గ్యాసు పొయ్యి, గుమ్మం మీద 'బంధు నిలయం' అని బోర్డు. చూసుకోవడానికి తనకు దూరపు చుట్టమైన సర్వరీ బేగాన్ని కూర్చోబెట్టాడు. ఆవిడ భర్త పోయి మస్కట్‌లోనే ఉండిపోయిన పెద్దావిడ, చెయ్యి పెద్దది, మాట మెత్తనిది. రిబ్బను కత్తిరించే కత్తెర సంగీత చేతికే ఇచ్చారు. "కాదనకుండా చేసిండు సూడు" అని అంజితో ఒకటికి రెండుసార్లు అంది. ఆ తర్వాత ఒకరిద్దరు ఆడవాళ్లు అక్కడికి వచ్చి తలదాచుకుని వెళ్లారు.

రంజాను వెళ్లిన కొన్నాళ్లకు రామలక్ష్మి అనే పనిమనిషి సంగీత క్లినిక్కుకు వచ్చింది.

ఆమెను తీసుకొచ్చింది ఆమె పనిచేసే ఒమానీ ఇంటి యజమానురాలు, మదాం. బడిలో పాఠాలు చెప్పే మనిషిలా ఉంది, చేతిలో దిద్దాల్సిన నోటుపుస్తకాల సంచి. పనిమనిషి వంటింట్లో కళ్లు తిరిగి పడిపోయిందని చెప్పింది. డాక్టరు రక్తపరీక్ష రాశాడు. మదాం బయట కుర్చీలో కూర్చుంది. లోపల సూది గుచ్చబోతుంటే రామలక్ష్మి సంగీత కోటు మీది పేరు చూసి గొంతు తగ్గించింది.

"అమ్మగారూ, తమరు తెలుగోరాండీ?"

"అవునమ్మా. చెయ్యి వదులు చెయ్యి, నొప్పి పెట్టదు."

"చేతి నెప్పి కాదండి. ఎల్లిపోవాలండి ఇంటికి. రెండేళ్లకని వచ్చానండి, అయిపోయి శానా కాలమైందండి. ఏజెంటుగారు మళ్లీ రెండేళ్లకి కాయితాలు కట్టేశారంట. నన్నడగనేలేదండి. మా అమ్మాయికి నెలలు నిండుతున్నాయండి. పురుడు పొయ్యడానికి నేను తప్ప ఎవరూ లేరండి."

"ఆ ఇంట్లో కొడుతున్నారా?"

"లేదండి. కొట్టరు, తిట్టరు. అన్నం పెడతారు. కానీ ఎల్లిపోవాలండి."

ఆ చివరిమాట సంగీతకు గుచ్చుకుంది. కొట్టే ఇంటి నుంచి పారిపోయి వచ్చేవాళ్ల గురించే ఇంతకాలం ఆలోచించింది. కొట్టకపోయినా వెళ్లిపోవాలనుకునే మనిషి ఏ గుమ్మం తట్టాలి? ప్లాస్టరు ముక్క మీద తన ఫోను నంబరు రాసి, దూది మీద అంటించింది. "ఎప్పుడైనా సరే, ట్యాక్సీ ఎక్కి ఈడికే రా. నేను చూసుకుంట."

చూసుకుంట అన్నమాట ఎంత బరువైనదో ఆమె ఆ రోజు అనుకోలేదు.

వారం తిరక్కముందే రామలక్ష్మి వచ్చేసింది. చెత్త పడెయ్యడానికని గేటు దాటి, ట్యాక్సీ ఎక్కి, చేతిసంచీ కూడా లేకుండా ల్యాబు ముందు నిలబడింది. సంగీత సెలవు చెప్పి ఆమెను అల్ హైల్ తీసుకెళ్లింది. సర్వరీ బేగం ఎదురొచ్చి తలుపు తీసింది, మంచినీళ్లిచ్చింది, చారన్నం కలిపిపెట్టింది. రామలక్ష్మి రెండు ముద్దలు తిని ఏడ్చింది. పాస్‌పోర్టు సంగతి మాట్లాడి, ఎంబసీకి తీసుకెళ్లి పంపించేస్తానని మాటిచ్చి సంగీత ఇంటికొచ్చింది. ప్రెసిడెంటు అయ్యాక ఒక పని చేశానని అనుకున్న రోజు అదొక్కటే.

శుక్రవారం పొద్దున పళ్లు కొనుక్కుని వెళ్లేసరికి ఫ్లాట్లో రామలక్ష్మి లేదు. పరుపు దులిపి గోడకు నిలబెట్టి ఉంది.

"పోయింది బేటీ," అంది సర్వరీ బేగం తాపీగా, ఉల్లిపాయలు తరుగుతూ. "ఆ ఇంటికే పోయింది. ఖాదరొచ్చి పొద్దుగూకులు కూచోని నచ్చజెప్పినాడు. జీతం గూడా పెంపిచ్చినాడు."

"ఎవరినడిగి పంపిన్రు?" సంగీత గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"అడిగేదేముంది? ఊరికి ఉత్తచేతుల్తో పోతే ఎవురు మర్యాదిస్తారు బేటీ? నేనూ చెప్పినా. ఏడ్చి ఏడ్చి సరేననింది."

"ముందు వచ్చినోళ్లు? పులివెందుల ఆమె? ఆ నెల్లూరు పిల్ల?"

"అందురూ పోయినారు, ఎవరు పనిజేసే ఇండ్లకు వాళ్లు." పెద్దావిడ మొహంలో కల్మషం లేదు. గర్వం కూడా కాస్త ఉంది. "ఒక్కరు గూడా జైలుకు పోలేదు. మనం అట్ల చూసుకున్నాం."

సంగీత పళ్ల సంచి అక్కడే పెట్టి మెట్లు దిగింది. తాను రిబ్బను కత్తిరించిన గుమ్మం ఏమిటో అప్పుడు తెలిసింది. పారిపోయిన మనిషిని ఊరంతా వెతకాల్సిన పని ఖాదర్‌వలి ఏజెన్సీకి లేకుండా పోయింది. వాళ్లే నడుచుకుంటూ వస్తారు. రానివాళ్లను ప్రెసిడెంటు స్వయంగా కారులో తెచ్చి అప్పగిస్తుంది.

రూవీ ఆఫీసులో ఖాదర్‌వలి ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. టీ తెప్పించాడు. ఆమె ముట్టుకోలేదు.

"నేనేమన్నా కొట్టి పంపినానా? మెడబట్టి తోస్తినా?" అన్నాడు, నిజంగానే బాధపడుతూ. "కఫీలు, అదే ఆ ఇంటాయన, పోలీసుల్లో చెప్పాడనుకో, పారిపోయిందని కేసు పడుతుంది. అప్పుడు నీ ఎంబసీ గూడా ఒక్కరోజులో ఏం చేయలేదు. నేను మాట్లాడినా. ఆ ఇంటోళ్లు నా మాటిన్నారు."

"ఎందుకు వినరన్నా? ఏజెన్సీ నీదేనాయె. ఊళ్లల్లకెల్లి కొత్తోళ్లు వస్తలేరు. ఉన్నోళ్లు పోకుంట సూసుకునుడే నీకు లాభం. గందుకే నచ్చజెప్పినవ్."

ఆయన కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకుని ఉంటే బాగుండేది.

"అదీ నిజమేలేమ్మా. నేను కాదన్ను. ఏజెన్సీ నడిస్తేనే గదా మీ ఉగాది నడిచేది? హాలూ పాటలూ ఆ ఫ్లాటూ యాడ్నుంచొస్తాయి మరి?"

"నాకు చెప్పకుంట ఇకమీద ఎవరినీ పంపొద్దు."

"అట్లే కానీమ్మా," అన్నాడు ఖాదర్‌వలి. "టీ చల్లారిపోతాంది, తాగు."

ఆ మాట విని ఆమెకు గోడకేసి తల బాదుకోవాలనిపించింది. కాదన్నవాడితో కొట్లాడవచ్చు. ఔనంటూ తలుపు తీసి, ఔనంటూ తలుపు మూసేవాడితో ఏం చెయ్యాలి?

ఇక మిగిలింది ఇస్రాయేలు. ఆయనకూ ఖాదర్‌వలికీ పడదు కనుక అదే దారి అనుకుంది. గలా యార్డుకు వెళ్లి అంతా చెప్పింది. ఇస్రాయేలు నొసలు కొట్టుకున్నాడు. "పాపం చేస్తున్నాడండి ఆ ఖాదరు. ప్రభువు చూస్తాడు. మీరు తీర్మానం పెట్టండి సిస్టర్ గారూ. ఆ నిలయం అతని బిల్డింగులోంచి తీసేద్దాం. తాళాలు కమిటీ దగ్గరుండాలి. నేను లేచి నిలబడతాను, సరేనాండీ?" చోటు కూడా తానే చూస్తానన్నాడు.

సంగీత తీర్మానం రాసుకుంది. మీటింగు ఇంకో పది రోజులుంది. ఆ పది రోజుల్లోనే దుబాయ్‌లో క్రేన్లు ఆగిపోయాయన్న వార్తలు మస్కట్ దాకా వచ్చాయి. ఇస్రాయేలు సైటు ఒకటి నిలిచిపోయింది. రావాల్సిన బిల్లులు రాలేదు. ఇవన్నీ అంజి ఇంటికొచ్చి చెప్పేవాడు. వాటికీ తన తీర్మానానికీ సంబంధం ఉంటుందని సంగీతకు తట్టలేదు.

మీటింగు రోజు హాల్లో అడుగుపెట్టగానే చూసింది. ఖాదర్‌వలి, ఇస్రాయేలు ఒకే సోఫాలో కూర్చుని ఉన్నారు. మధ్యలో జీడిపప్పు పళ్లెం.

ఆమె తీర్మానం చదివింది. చదువుతూ ఇస్రాయేలు వైపు చూసింది. ఆయన లేచి నిలబడ్డాడు, మాట తప్పలేదు.

"సిస్టర్ గారి ఆవేదన మనందరిదీనండి," అన్నాడు. "అయితే తొందరపడకూడదు. ఇలాటివి ఆలోచించి చెయ్యాలి. ఒక సబ్‌కమిటీ వేద్దాం. ఈ వ్యవహారాలు మనందరికంటే తెలిసినవాళ్లు ఖాదర్‌వలిగారు. ఆయన్నే చైర్మనుగా ఉండమని కోరుతున్నాను. అలాగే మన ప్రెసిడెంటు గారి సేవలకు గుర్తుగా..."

కార్యదర్శి ఎక్కడినుంచో శాలువా తీశాడు. చప్పట్లు మోగాయి. శాలువా ఆమె భుజాల మీద పడింది. వద్దని చెయ్యి అడ్డం పెట్టబోయేలోపల ఫొటో కూడా అయిపోయింది.

అసలు సంగతి రెండురోజుల తర్వాత అంజి ద్వారా తెలిసింది. ఖాదర్‌వలి తనకు తెలిసిన ఒమానీ పెద్దమనిషికి చెప్పి ఇస్రాయేలుకు రెండొందల కిలోమీటర్ల అవతల సోహార్‌లో కొత్త పని ఇప్పించాడు. ఆ పనికి స్టోర్‌కీపరు కావాలట. అంజిని వెళ్లమన్నారు.

"నా మూలంగనే గద," అంది సంగీత. శాలువా కుర్చీ మీద పడేసినచోటే ఉంది.

"నీ మూలంగనే అని ఎవ్వరు చెప్పలే," అన్నాడు అంజి బట్టలు సర్దుకుంటూ. పెట్టె మూసి అన్నాడు: "చెప్తె కొట్లాడుదుము. ప్రమోషనని చెప్పిన్రు. జీతం గూడ పెంచిన్రు. ఏమని కొట్లాడాలె?"

ఆ ఇంట్లో ఆ పూట ఇద్దరూ అన్నం సరిగా తినలేదు.

డాక్టరు నెల తర్వాత మళ్లీ పరీక్ష చేయించమని రాసి ఉండటంతో, మదాం రామలక్ష్మిని వెంటబెట్టుకుని వచ్చింది. రామలక్ష్మి ల్యాబులోకి వచ్చి చెయ్యి చాచింది కానీ తలెత్తలేదు.

"నన్ను క్షమించమ్మా," అంది సంగీత.

"తమరేం చేస్తారులెండి," అంది రామలక్ష్మి. అందులో నిష్ఠూరం లేదు, నమ్మకం కూడా లేదు. "మా అమ్మాయికి మగపిల్లోడండి. పక్కింటావిడ పోసిందంట పురుడు."

సంగీత సూది పక్కన పెట్టింది. ఇన్నాళ్లూ ఈ మాట ఎవరెవరితోనో మాట్లాడింది. కమిటీతో, ఖాదర్‌వలితో, ఇస్రాయేలుతో. గుమ్మం అవతల కుర్చీలో కూర్చున్న మనిషితో మాత్రం ఒక్కసారీ మాట్లాడలేదు. ఆ ఇళ్లవాళ్లతో మనం నేరుగా మాట్లాడకూడదమ్మా, మనవాళ్లందరికీ చెడ్డపేరొస్తుంది, ఏదున్నా నేను చూసుకుంటా అని ఖాదర్‌వలి మొదట్లోనే చెప్పాడు. ఆమె నమ్మింది.

తలుపు తీసుకుని బయటకు వెళ్లింది. రోగులతో పదేళ్లకు పైగా మాట్లాడిన ముక్కల అరబ్బీ ఆమెకుంది. ఆ ముక్కల్నే పోగేసుకుని మదాం పక్కన కూర్చుని చెప్పింది. ఈమె ఇంటికి వెళ్లాలనుకుంటోంది. కూతురికి కాన్పయింది. గడువు ఎప్పుడో అయిపోయింది.

మదాం నోటుపుస్తకం మూసేసింది. ఆమె మొహంలో మొదట వచ్చింది కోపం కాదు, తెల్లబోవడం.

"వెళ్లాలనుందా? ఇంకో రెండేళ్లు ఉంటానని తనే అడిగిందని కదా ఆఫీసువాళ్లు చెప్పారు! జీతం చాలక అలిగి వెళ్లిందన్నారు. అందుకే పెంచాం. వెళ్లిపోతే వేరే మనిషిని ఇమ్మని నేనే అడిగాను. ఇప్పట్లో ఎవరూ రారన్నారు." లోపలికి వచ్చి రామలక్ష్మిని అరబ్బీలోనే నిలదీసింది. "నాకెందుకు చెప్పలేదు?"

రామలక్ష్మి సంగీత వైపు చూసింది. "చెప్పకూడదన్నారండి ఏజెంటుగారు. చెప్తే జైల్లో ఏస్తారన్నారండి."

అంతే. ఇన్నాళ్ల తీర్మానాలు, సబ్‌కమిటీలు, శాలువాలు. తీరా చూస్తే రెండు కుర్చీల మధ్య నాలుగు మాటల పని. సంగీతకు సంతోషం కలగలేదు. ఒళ్లంతా మంట పుట్టింది.

మదాం మాట మీద నిలబడింది. ఏజెన్సీకి ఫోను చేసి, ఈ నెలలోనే ఈ మనిషిని పంపుతున్నానని చెప్పింది. ఇంటావిడే చెప్పాక ఖాదర్‌వలి ఆగుతాడా? ఆ గంటలోనే టికెట్టు వేశాడు. డబ్బు తానే పెట్టుకున్నాడు. ఎయిర్‌పోర్టుకు తానే వెళ్లి, రామలక్ష్మి చేతిలో మనవడికి బట్టల పొట్లం పెట్టి, సమితి బ్యానరు ముందు నిలబెట్టి ఫొటో తీయించాడు. ఆ సంగతి సంగీతకు రామలక్ష్మే ఫోనులో చెప్పింది.

"ఎల్లిపోతున్నానండి అమ్మగారూ. ఖాదరుబాబుగారు దేవుడండి. టికెట్టు ఆరే పెట్టుకున్నారంట. తమరు కూడా నా గురించి శానా తిరిగారంటగా, ఆరే చెప్పారండి."

ఇంటికెళుతున్న మనిషికి ఇప్పుడు నిజం చెప్పి ఏం ఒరగబెట్టాలి? "మంచిగ పో అమ్మా. మనవణ్ని ఎత్తుకో" అని సంగీత ఫోను పెట్టేసింది. పెట్టేశాక గోడవైపు తిరిగి గట్టిగా ఒక మాట అంది. అలాంటి మాట తన నోట వస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

జనవరిలో సర్వసభ్య సమావేశం, కొత్త కమిటీ ఎన్నిక. హాలు నిండిపోయింది. ఫ్యామిలీ వీసా నియమం మారింది కనుక ఈసారి క్యాంపుల నుంచి కూడా మనుషులొచ్చారు, మళ్లీ ఇస్రాయేలు బస్సుల్లోనే. తెరమీద రామలక్ష్మి ఫొటో పడింది. మైకులో ఖాదర్‌వలి ఆమె కథ చెప్పాడు. నిలయం ఆమెను ఎలా ఆదుకుందో, సమితి ఎలా క్షేమంగా ఇంటికి చేర్చిందో. మంచి మాటకారి. కొందరు ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

సంగీత వెళ్లి మైకు అందుకుంది.

అంతా చెప్పింది. ఏదీ దాచలేదు. నిలయం నుంచి ఎవరెవరు ఎక్కడికి తిరిగి వెళ్లారో, మదాముకు ఒకమాట పనిమనిషికి ఒకమాట ఎవరు చెప్పారో, ఆ రోజు పెద్దమనుషులిద్దరూ ఒకే సోఫాలో ఎందుకు కూర్చున్నారో. తానే రామలక్ష్మిని తీసుకెళ్లి అప్పగించానని కూడా చెప్పింది. చెప్పడం అయిపోయాక ఇప్పుడు ఎవరో ఒకరు లేస్తారు, అడుగుతారు అనుకుని నిలబడింది.

కార్యదర్శి మెల్లగా వచ్చి మైకు తీసుకున్నాడు. "ప్రెసిడెంటు గారి అమూల్యమైన సూచనలకు ధన్యవాదాలు. తర్వాతి కార్యక్రమం, చిన్నారుల కోలాటం."

పాట మొదలైంది. ఖాదర్‌వలి ముందు వరసలోంచి ఆమె వైపు జాలిగా చూశాడు.

చేతులెత్తే ఎన్నికలో ఆమె ఓడిపోయింది. ఇస్రాయేలు చెప్పిన మనిషి గెలిచాడు. ఖాదర్‌వలి కూడా అతనికే చెయ్యెత్తాడు.

బయట కార్ల దగ్గర భీమన్న ఆమెకోసం కాచుకుని ఉన్నాడు. బోధన్ దగ్గరి మనిషి, సెంట్రింగు పని, అంజికి తెలిసినవాడు.

"మేడం, నువ్వు చెప్పింది మాకు ఎర్కలేదనుకోకు. అందరికెర్కే."

"ఎర్కుంటే చెయ్యెందుకెత్తలే భీమన్నా?"

"గోను తుఫాను యాదికున్నదా? క్యాంపుల నీళ్లు లేవు. మురికినీళ్లు గుడ్డల వడబోసుకున్నం. కంపెనీ పట్టించుకోలే, ఎవ్వరు రాలే. ట్యాంకరు తోలుకొని ఖాదర్‌వలి సాబే వచ్చిండు. ప్యాంటు మడిచి, పైపు పట్టుకొని బురదల నిలవడ్డడు." భీమన్న తల దించుకున్నాడు. "మంచినీళ్లు తాగించినోని మీద చెయ్యెత్తుడెట్ల?"

సంగీతకూ ఆ తుఫాను గుర్తుంది. ఆ వారం అల్ ఖువైర్‌లో తమ బిల్డింగు ముందూ ఆ ట్యాంకరు ఆగింది. తానూ బకెట్లు పట్టుకుని వరసలో నిలబడింది. ఖాదర్‌వలి ఆమెకు రెండు బకెట్లు ఎక్కువే పట్టాడు. భీమన్న అబద్ధం చెప్పి ఉంటే, భయపడి ఉంటే, కాస్త డబ్బుకు ఆశపడి ఉంటే ఆమెకు ఇంత కష్టంగా ఉండేది కాదు.

అంజి సోహార్ నుంచి పొద్దున్నే వచ్చాడు. కారు తీసి, "ఇంటికేనా?" అన్నాడు.

"అల్ హైల్ పో."

"గిప్పుడేముంది ఆడ? ప్రెసిడెంటువు గాదు గద నువ్వు."

"పో అంటున్న గద."

సాయంత్రపు ఎండ ఇంకా గోడల మీద ఉంది. టైర్ల షాపు మూసి ఉంది. సంగీత మెట్లెక్కి తలుపు కొట్టింది. సర్వరీ బేగం తీసి, కొంచెం తటపటాయించి, లోపలికి రమ్మంది. చాపమీద ఒక కొత్తమనిషి కూర్చుని ఉంది. బక్కగా ఉంది, ముప్పై దాటి ఉండవు, కడప నుంచి వచ్చిన మున్నీ అట. పొద్దున్నే వచ్చిందట.

సంగీత ఆమె పక్కనే చాపమీద చతికిలబడింది. "మీ మదాం ఫోన్ నంబరు ఉన్నదామ్మా నీ దగ్గర?"

మున్నీ భయంగా సర్వరీ బేగం వైపు చూసింది.

"ఖాదర్‌ను అడగాల బేటీ," అంది పెద్దావిడ. "వచ్చినోళ్లతో ఎవర్నీ మాట్లాడనీయొద్దని చెప్పిపోయినాడు."

"అడుగు," అంది సంగీత. "అడుగు, ఫోన్ చెయ్యి. నేను ఈడనే ఉన్నానని చెప్పు."

సర్వరీ బేగం ఫోను తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. కింద అంజి హారను ఒకసారి కొట్టాడు, మళ్లీ కొట్టాడు. సంగీత లేవలేదు. మున్నీ వైపు తిరిగి, గొంతు తగ్గించి, ఊళ్లో ఎవరెవరున్నారో అడగడం మొదలుపెట్టింది.